పాప బాటిల్ పట్టడం లేదా? ఉగ్గుగిన్నె, గ్లాసు, చెంచాతో తల్లిపాలు పట్టే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పాపకి మూడున్నర నెలలు. పుట్టినప్పటి నుంచి మీ పాలే. వచ్చే నెల మీరు మళ్ళీ స్కూల్లో చేరాలి, పొద్దున ఎనిమిదికి బయల్దేరితే సాయంత్రం నాలుగున్నరకి గానీ ఇల్లు చేరరు. మీ అమ్మగారు పాపని చూసుకుంటారు. బాటిల్ నోట్లో పెడితే పాప నాలుకతో తోసేసి గుక్కపట్టి ఏడుస్తోంది. నిపుల్స్ మార్చి చూశారు, లాభం లేదు. ఇంట్లో వాళ్ళేమో ఆవుపాలు అలవాటు చెయ్యమంటున్నారు. బాటిల్ కాకుండా ఇంకో దారి ఉందా అని అడిగారు.

ఉంది. బాటిల్‌ని అటక మీద పెట్టేయండి. మూడున్నర నెలల పాప చిన్న స్టీలు గ్లాసుతోనో ఉగ్గుగిన్నెతోనో హాయిగా తాగగలదు. నేను చాలా ఏళ్ళు పసిపిల్లల వార్డులో నర్సుగా చేశాను. అక్కడ నెలలు నిండకుండా పుట్టి, అరచేతిలో పట్టేంత ఉన్న పిల్లలకి కూడా మేం బాటిల్ వాడలేదు. ఉగ్గుగిన్నెతోనే పట్టేవాళ్ళం. మీ పాప వాళ్ళకంటే ఎంతో గట్టిది, మెడ కూడా నిలబెడుతూ ఉండి ఉంటుంది.

ముందు పాప ఎందుకు ఏడుస్తోందో చూడండి. రొమ్ము దగ్గర పాప నోరు పెద్దగా తెరిచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి తీసుకుని నాలుకతో లాగుతుంది. లాగితేనే పాలు వస్తాయి, ఆపితే తగ్గిపోతాయి. కాసేపు తాగుతుంది, కాసేపు ఊరికే ఉంటుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. అంటే ఎంత తాగాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పాప చేతిలోనే ఉంటుంది. బాటిల్ నిటారుగా ఎత్తి పెడితే పాప లాగినా లాగకపోయినా పాలు కారుతూనే ఉంటాయి. గుటక వెయ్యకపోతే పొలమారుతుంది. అది నచ్చక తోసేస్తోంది. మొండితనం కాదు, ఆ వేగం తనకి సరిపడలేదు. దేనితో పట్టినా సరే, పాలు మనం పొయ్యకూడదు, పాప తీసుకోవాలి. ఈ ఒక్క మాట మీ అమ్మగారికి బాగా అర్థమైతే మిగతావన్నీ తేలికే.

ఉగ్గుగిన్నె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో దాన్ని వాడే తీరే సమస్య. గిన్నె మంచిదే. చిన్నది, పక్కన సన్నటి మూతి, మూలలు లేవు కాబట్టి కడగడం సులువు. ఆసుపత్రుల్లో దీన్నే పలాడై అంటారు. కానీ పాతకాలం పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: పెద్దామె కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, బుగ్గలు నొక్కి గొంతులో పోసేయడం. కొందరైతే మింగాలని ముక్కు కూడా మూస్తారు. ఇది చాలా ప్రమాదం. ఏడుస్తున్న బిడ్డ గాలి పీల్చుకునే సమయానికి పాలు పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలా న్యుమోనియా వచ్చి వార్డులో చేరిన పిల్లల్ని నేను చూశాను. తప్పు గిన్నెది కాదు, పడుకోబెట్టి పొయ్యడానిది.

సరైన పద్ధతి ఇది. పాపని ఒళ్ళో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. ఒక చెయ్యి మెడకీ భుజాలకీ ఆసరాగా ఉండాలి, తల వెనక్కి వాలకూడదు. చేతులు విసిరి గిన్నె తన్నేస్తుంటే పల్చటి చీరగుడ్డతో వదులుగా చుట్టండి. మెడ కింద చిన్న తుండు వెయ్యండి. గిన్నె మూతిని నోటి పక్కగా కింది పెదవి మీద ఆనించి, కొద్దిగా వంచి, కాసిని పాలు నోట్లోకి వచ్చేలా చెయ్యాలి. పాప గుటక వేశాకే మళ్ళీ వంచాలి. నోరు మూసుకుంటే, ముఖం తిప్పుకుంటే ఆగాలి. కాళ్ళు చేతులు వదిలేసి నిద్రలోకి జారుతుంటే చాలించాలి. మధ్యలో ఒకసారి భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా నిమరాలి. ఇరవై నిమిషాలు పట్టినా కంగారు పడకండి, అరగంట దాటితే మాత్రం ఇద్దరికీ విసుగు, ఆపేయండి.

గిన్నె కొనేటప్పుడు స్టీలుది తీసుకోండి, మూతి అంచు వేలితో తడిమి గరుకు లేదని చూసుకోండి. వెండిదైనా పర్వాలేదు గానీ నగిషీలు, అతుకులు ఉంటే సందుల్లో పాలు ఇరుక్కుంటాయి. ఇత్తడిది వద్దు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పాలు కాచి పసిపిల్లలకి పట్టడానికీ, ఒకప్పుడు మన దేశంలో పిల్లల ప్రాణాలు తీసిన ఒక కాలేయ జబ్బుకీ సంబంధం ఉందని 1980ల్లో పుణె డాక్టర్లు గమనించారు. అమ్మమ్మల కాలం నాటి ఇత్తడి గిన్నె షోకేసులో ఉంటేనే అందం.

అయినా మీ పాప వయసుకి నేనైతే గ్లాసుకే ఓటేస్తాను. ఉగ్గుగిన్నెలో ఎంతైనా పెద్దవాళ్ళ చెయ్యి కాస్త పనిచేస్తుంది. గ్లాసులో పూర్తిగా పాపే తాగుతుంది. మందుల సీసాతో వచ్చే చిన్న కప్పు, లేదా అంచు మడిచి నున్నగా ఉన్న చిన్న స్టీలు గ్లాసు చాలు. సగానికి పైగా పాలు పోసి, కింది పెదవి మీద తేలిగ్గా ఆనించి, పాలు పై పెదవికి తగిలేంత వరకే వంచి అలాగే పట్టుకోవాలి. నోట్లోకి వంపకూడదు. కాసేపటికి నాలుక బయటికి వస్తుంది, పిల్లిపిల్లలా నాకుతుంది. రెండు మూడు రోజులకి పెదాలు దగ్గరికి తెచ్చి జుర్రుకోవడం నేర్చుకుంటుంది. పాప ఆగినప్పుడు గ్లాసు తీసెయ్యక్కర్లేదు, వంచిన కోణం కొంచెం తగ్గించి పెదవి మీదే ఉంచితే చాలు, తనే మళ్ళీ మొదలుపెడుతుంది. మొదట్లో సగం పాలు తుండుకే పోతాయి. మీరు కష్టపడి పిండిన పాలు అలా కారిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది, అది నాకు తెలుసు. అందుకే నేర్పే రోజుల్లో పది, పదిహేను మిల్లీలీటర్లతోనే మొదలుపెట్టండి.

చెంచా కూడా పనికొస్తుంది గానీ ఎక్కువ పాలకి కుదరదు. వంద మిల్లీలీటర్లు చెంచాతో పట్టేసరికి పాపకి నిద్రొస్తుంది, అమ్మమ్మకి నడుం పడిపోతుంది. చెంచా అసలు ఉపయోగం పుట్టిన మొదటి రెండు రోజుల్లో. ముర్రుపాలు చుక్కలు చుక్కలుగా వస్తాయి, అవి నేరుగా చెంచాలోకే పిండి బిడ్డ నోటికి అందిస్తే ఒక్క చుక్క పోదు. మొదటి రోజు బిడ్డకి ఒక్కోసారికి కావలసింది రెండు నుంచి పది మిల్లీలీటర్లే, అంటే అరచెంచా నుంచి రెండు చెంచాలు. ‘పాలు పడలేదు’ అని ఆసుపత్రిలోనే డబ్బాపాలు మొదలుపెట్టించే బంధువులకి ఈ లెక్క చెప్పాలి. సూది లేని సిరంజి, డ్రాపర్ కూడా అలాంటి కొద్దిపాటి పాలకే. బుగ్గ లోపలి వైపు ఒక్కో చుక్కా వదలాలి, గొంతులోకి సూటిగా చిమ్మకూడదు.

ఇదంతా చదివి బాటిల్ విషమేమో అనుకోకండి. అమెరికాలో ఉండే మనవాళ్ళు బిడ్డని డేకేర్‌లో వదిలితే అక్కడ ఉగ్గుగిన్నె పట్టేవాళ్ళు ఎవరుంటారు? బాటిల్ తప్పనివాళ్ళు పాపని నిటారుగా కూర్చోబెట్టి, బాటిల్‌ని నేలకి సమాంతరంగా పట్టుకోవాలి. పాలు నెమ్మదిగా వచ్చే నిపుల్ వాడాలి. పెదవికి తాకించి, పాప తనే నోరు తెరిచాక పెట్టాలి. కొన్ని గుటకలకి ఒకసారి బాటిల్ కిందికి దించి ఊపిరి తీసుకోనివ్వాలి. బాటిల్ ఖాళీ అవ్వాలని పట్టు పట్టకూడదు. మన ఊళ్ళలో బాటిల్‌తో ఇంకో ఇబ్బంది శుభ్రత. నిపుల్ లోపల, మెడ దగ్గర పాలజిడ్డు పేరుకుంటుంది, ఎండాకాలం అది విరేచనాలకి దగ్గరి దారి. బ్రష్‌తో కడిగి, విడదీసి, మునిగేలా నీళ్ళు పోసి పది నిమిషాలు మరగనివ్వాలి, ప్రతిసారీ. గ్లాసు, గిన్నె అయితే లోపల ఏముందో కంటికే కనిపిస్తుంది. తోమి, ఓసారి మరిగించి, ఆరబెడితే సరిపోతుంది.

ఇక నేర్పడం. ఇంకా నెల ఉంది కాబట్టి టెన్షన్ వద్దు, కానీ చేరే ముందు రోజు దాకా ఆగకండి. నేర్పేది మీరు కాదు, మీ అమ్మగారు. మీ ఒళ్ళో కూర్చుని, మీ వాసన తగులుతుంటే పాప గ్లాసు ఎందుకు తాగుతుంది? ఆ పది నిమిషాలు మీరు గదిలో ఉండకండి, వీలైతే మేడ మీదికి వెళ్ళండి. బాగా ఆకలేసి ఏడుస్తున్నప్పుడు కొత్త విద్య నేర్పకూడదు. నిద్రలేచి ఆడుకుంటూ, కొంచెం ఆకలి మొదలయ్యే వేళ మంచిది. రోజుకి ఒకసారి చాలు, ఏడిస్తే ఆపేసి మర్నాడు చూడండి. బలవంతంగా ఒకసారి పట్టిస్తే గ్లాసు చూస్తేనే పెదాలు బిగించే పరిస్థితి వస్తుంది, అప్పుడు ఇంకో వారం వృథా.

ఎన్ని పాలు ఉంచి వెళ్ళాలి అన్నది తల్లులందరూ భయపడే చోటు. ఒక నెల నుంచి ఆరు నెలల దాకా తల్లిపాలు తాగే పిల్లలు రోజు మొత్తానికి సగటున 750 మిల్లీలీటర్లు తాగుతారు, కొందరు తక్కువ, కొందరు ఎక్కువ. డబ్బాపాల పిల్లల్లా నెల నెలకీ పెంచుకుంటూ పోనక్కర్లేదు. మీరు దూరంగా ఉండే ప్రతి గంటకీ సుమారు 30 మిల్లీలీటర్ల లెక్కన వేసుకోండి. మీ ఎనిమిదిన్నర గంటలకి 250, కారిపోయేదానికి ఇంకో 50. దాన్ని 60 చొప్పున చిన్న చిన్న డబ్బాల్లో పెడితే, తాగనివి పారబోయడం తగ్గుతుంది. ‘పక్కింటి బాబు 200 ఒక్కసారే తాగుతాడు’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

పాలు తీయడానికి పంపు ఉంటే మంచిదే, లేకపోతే చెయ్యి చాలు. చేతులు సబ్బుతో కడుక్కుని, రొమ్ముని మెల్లగా నిమిరి, వెడల్పు మూతి ఉన్న శుభ్రమైన గిన్నె కింద పెట్టుకోండి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకి రెండు మూడు సెంటీమీటర్లు వెనక ఉండాలి. ముందు ఛాతీ వైపుకి నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరికి తెచ్చి ఒత్తి, వదలాలి. చర్మం మీద వేళ్ళు జారకూడదు, చనుమొనని లాగకూడదు. మొదటి నిమిషం ఏమీ రాకపోవచ్చు. పాలు చేపుకు వచ్చాక ధారగా పడతాయి. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, మార్చుకుంటూ మొత్తం ఇరవై, ముప్పై నిమిషాలు. నొప్పి పుడితే పద్ధతి తప్పిందన్నమాట, వేళ్ళు కాస్త జరపండి. ఇంట్లో ఉన్నప్పుడు పొద్దున్నే పాప ఒక వైపు తాగుతుండగా రెండో వైపు తీస్తే ఎక్కువ వస్తాయి.

స్కూల్లో కనీసం రెండుసార్లు తీయాలి, ఇంటర్వెల్‌కి ఒకసారి, లంచ్‌కి ఒకసారి. ఇది పాపకి దాచడానికే కాదు. తీయకపోతే రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వస్తుంది, నెమ్మదిగా పాలు తగ్గిపోతాయి. బిడ్డకి 15 నెలలు వచ్చే దాకా మామూలు విరామం కాక రోజుకి రెండు నర్సింగ్ బ్రేకులు ఇవ్వాలని చట్టంలో ఉంది. 2017 నుంచి మొదటి రెండు కాన్పులకి 26 వారాల సెలవు కూడా ఉంది. ప్రైవేటు స్కూళ్ళలో దీన్ని ఎంతమంది పాటిస్తున్నారో మీకు నేను చెప్పాలా! అయినా హెడ్మిస్ట్రెస్‌ని అడగండి. ల్యాబ్ పక్క గదో, స్టోర్ రూమో, లోపల గడియ పడే తలుపు ఉంటే చాలు. బాత్‌రూమ్‌లో మాత్రం తీయకండి.

నిల్వ విషయంలో పుస్తకాల్లో రాసేది చల్లటి గదుల లెక్క. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఉంటాయి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు. మన ఏప్రిల్, మే నెలల్లో స్టాఫ్ రూమ్ టేబుల్ మీద నాలుగు గంటలు పెడితే నేను ఆ పాలు పాపకి ఇవ్వను. ఐస్ ప్యాకులు పెట్టిన చిన్న కూలర్ బ్యాగు కొనుక్కోండి. ఐస్ గట్టిగా ఉన్నంతసేపు పాలు భద్రం, అలా 24 గంటల దాకా ఉంచొచ్చు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టాలి, తలుపులో కాదు. గోరువెచ్చటి కొత్త పాలని చల్లటి పాత పాలలో కలపొద్దు, అవీ చల్లబడ్డాక కలపండి. డబ్బా మీద తేదీ రాసి, పాతవి ముందు వాడండి. ఈ రోజు స్కూల్లో తీసినవి రేపు పాపకి, శుక్రవారానివి సోమవారానికి. ఇలా తిప్పుకుంటే ఫ్రీజర్ నింపుకోవాలన్న ఆరాటం ఉండదు.

మీ అమ్మగారికి ఇంకో రెండు విషయాలు ముందే చెప్పండి. ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాలు విడిపోయి పైన మీగడలా తేలుతుంది. విరిగిపోయాయని పారబోస్తారు. గుండ్రంగా తిప్పితే కలిసిపోతాయి. కొందరి పాలు రెండో రోజుకి సబ్బు వాసన వేస్తాయి, అవీ పాడైనట్టు కాదు, పుల్లటి వాసన వస్తేనే పాడైనట్టు. పాలు పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. వేడినీళ్ళ గిన్నెలో డబ్బా ఉంచితే చాలు. పాప ఎంగిలి చేసినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

మొదటి వారం పాప పగలు కొంచెమే తాగి, మీరు రాగానే వదలకుండా తాగుతూ, రాత్రి రెండు మూడుసార్లు ఎక్కువ లేవొచ్చు. పగటి లోటు అలా పూడ్చుకుంటుంది, పాలు చాలక కాదు. చాలామంది తల్లులు ఇక్కడే డబ్బాపాలు మొదలుపెడతారు. పొద్దున బయల్దేరే ముందు, సాయంత్రం చేరగానే, పడుకునే ముందు మీరే పట్టండి. సెలవు రోజుల్లో గ్లాసు జోలికి పోవద్దు.

ఆవుపాలు ఏడాది నిండేదాకా ప్రధాన ఆహారంగా వద్దు. నీళ్ళు కలిపితే అరుగుతాయన్నది నిజం కాదు. నీళ్ళు కలిపితే బలం తగ్గుతుంది, కలపకపోతే ఉప్పులు, ప్రొటీన్ ఎక్కువై పాప కిడ్నీల మీద భారం పడుతుంది, రెండు విధాలా ఇనుము అందదు. ఆరు నెలల లోపు మంచినీళ్ళు, పంచదార నీళ్ళు, వస అరగదీసి నాకించడం కూడా వద్దు. తేనె అయితే ఏడాది దాకా ముట్టించకూడదు. మీ పాలు నిజంగానే చాలకపోతే డాక్టర్‌ని అడిగి ఫార్ములా, అంటే డబ్బాపాల పొడి వాడొచ్చు, అదీ ఇదే గ్లాసుతో. పొడిలో సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది కాబట్టి మరిగించి కాస్త చల్లారిన, 70 డిగ్రీలకి తగ్గని నీళ్ళలో కలిపి, గోరువెచ్చగా అయ్యాక పట్టాలి. డబ్బా మీద రాసిన కొలత కంటే పల్చన చేయకూడదు. మన దేశంలో 1992 చట్టం ప్రకారం డబ్బాపాలకీ పాలసీసాలకీ ప్రకటనలు ఇవ్వడమే నిషేధం. ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే ఆ సంగతి గుర్తుంచుకోండి.

పుట్టుకతో బలహీనంగా ఉన్న పిల్లల తల్లులు ఇది చదువుతుంటే వాళ్ళకి ఒక ముక్క. నెలలు నిండని బిడ్డకి చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసి రావాలంటే గర్భం లెక్కలో దాదాపు 34 వారాలు నిండాలి. అంతకు ముందు ఉగ్గుగిన్నె మొదలుపెట్టాలా, ముక్కు ట్యూబే ఉంచాలా అన్నది డాక్టరే తేల్చాలి, ఇంట్లో ప్రయోగాలు వద్దు. బరువు పెరగక పైపాలు తప్పని బిడ్డకి, సన్నటి ట్యూబ్ ఒక కొస చనుమొన పక్కన అంటించి, రెండో కొస పాల కప్పులో ఉంచి రొమ్ము దగ్గరే పట్టే పద్ధతి ఉంది. బిడ్డ చప్పరించడం మానదు, తల్లికి పాలూ పెరుగుతాయి. దీన్ని నర్సు దగ్గరుండి నేర్పాలి. తల్లి పాలు అందని బలహీన శిశువులకి దాతల పాలు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి అలాంటిదే. అక్కడ పాలని 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి క్రిములు లేకుండా చేస్తారు. తెలిసినావిడ పాలు తెచ్చి నేరుగా పట్టడం, అదీ ఇదీ ఒకటి కాదు.

మీరు పాప బరువు రాయలేదు. చేరే ముందు ఒకసారి, చేరాక రెండు వారాలకి ఒకసారి అదే కాటా మీద, బట్టలు లేకుండా తూచండి. ఈ వయసులో రోజుకి సగటున 20 గ్రాముల దగ్గర్లో పెరుగుతుంటే, 24 గంటల్లో ఆరు తడిగుడ్డలకి తగ్గకుండా ఉంటే పాలు సరిపోతున్నట్టే. తడిగుడ్డలు తగ్గినా, మందకొడిగా పడుకుని ఉన్నా, తాగిన ప్రతిసారీ దగ్గు, గురగుర శబ్దం వస్తున్నా గ్లాసు ఆపి అదే రోజు పిల్లల డాక్టర్‌కి చూపించండి.